దేవమాలికి నడిచి వెళ్ళాలంటే: రెండు రాత్రులు ఊళ్ళో బస, మధ్యలో ఒక కొండ

దేవమాలి ఎత్తు 1,672 మీటర్లు. ఒడిశాలో ఇంతకు మించిన శిఖరం లేదు. సాలూరు నుంచి ఘాట్ ఎక్కి సుంకి, పొట్టంగి మీదుగా వచ్చేవారికి, కొరాపుట్, సునాబెడ, జయపురం, రాయగడల్లో కాపురాలున్న మన తెలుగువాళ్ళకు ఇది పెరటి కొండ. పైదాకా బండ్లు వెళ్ళే రోడ్డు పడ్డాక చాలామంది పొద్దున్నే కారెక్కి, పైన అరగంట నిలబడి ఫొటోలు దిగి, మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరుతున్నారు. ఇక్కడ రాస్తున్నది నడవాలనుకునేవారి కోసం. కొండ కింద ఒక ఊళ్ళో ఒక రాత్రి ఉండి, ఆ ఊరి మనిషిని వెంటబెట్టుకుని ఎక్కి, అదే ఊళ్ళోనో మరో ఊళ్ళోనో దిగి రెండో రాత్రి పడుకుని, మూడో రోజు మధ్యాహ్నానికి బస్సెక్కే ప్రయాణం ఇది.

రోజూ ఓ గంట నడిచే అలవాటుంటే కొండ ఎవరికైనా లొంగుతుంది. జట్లు ఇబ్బంది పడేది ఎక్కువగా ఊరితో సరిగ్గా మాట్లాడుకోకుండా వెళ్ళినప్పుడే. ఎనిమిది మంది సాయంత్రం ఏడింటికి చెప్పాపెట్టకుండా దిగితే ఏ ఇంట్లో బియ్యం ఉంటాయి? ఎవరు నీళ్ళు మోస్తారు? ఆ చీకట్లో దొరికిన గైడు కొండ దారి తెలిసినవాడో, పొద్దున ఖాళీగా ఉన్నవాడో ఎలా తెలుస్తుంది? సగం జాగ్రత్త బయల్దేరడానికి వారం ముందే అయిపోవాలి.

ఏ నెలలో

అక్టోబరు రెండో సగం నుంచి ఫిబ్రవరి చివరిదాకా మంచి కాలం. నవంబరులో వలిసె పూలు విరబూసి వాలులన్నీ పసుపు పరిచినట్టుంటాయి. గాలి తేటగా ఉండి దూరపు కొండల వరసలు కనిపిస్తాయి. మొదటిసారి వెళ్ళేవారికి నవంబరే మా ఓటు. డిసెంబరు, జనవరిల్లో చలి గట్టిగా ఉంటుంది. కొరాపుట్ పట్టణమే సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది. కొండ కింది ఊళ్ళలో తెల్లవారుజామున ఉష్ణోగ్రత అయిదారు డిగ్రీలకు దిగే రోజులుంటాయి. విజయనగరం చలిని దృష్టిలో పెట్టుకుని ఒక స్వెట్టరుతో వచ్చినవారు రాత్రంతా పొయ్యి పక్కన కూర్చోవలసి వస్తుంది.

మార్చి నుంచి మేదాకా కొండపోడు కోసం వాలులు తగలబెడతారు. పొగ వల్ల ఏమీ కనిపించదు, ఎండుగడ్డిలో మంట ఎటు తిరుగుతుందో చెప్పలేం. పైగా దేవమాలి తల బోడి. పదింటి తర్వాత తలదాచుకోవడానికి చెట్టు నీడ దొరకదు. జూన్ నుంచి సెప్టెంబరుదాకా పచ్చదనం చూసి మనసు లాగుతుంది కానీ పిడుగులు, జారుడు బాటలు, జలగలు, ఉప్పొంగే గెడ్డలు ఉంటాయి. ఆ నెలల్లో ఊళ్ళో బస చేసి చుట్టుపక్కల పొలాల్లో తిరగండి. పైకి వద్దు.

జనవరిలో పుష్ పరబ్, ఏప్రిల్‌లో చైత్ పరబ్ వస్తాయి. పండగ రోజుల్లో ఊరంతా పండగలోనే ఉంటుంది. గైడు దొరకడు, ఇంటివాళ్ళకు అతిథుల్ని చూసుకునే తీరిక ఉండదు. చైత్ పరబ్‌లో ఆడపిల్లలు దారికి అడ్డంగా నిలబడి పండగ డబ్బులు అడుగుతారు. అది ఆచారం, నవ్వుతూ ఇవ్వవలసిందే. వారం రోజుల్లో శుక్రవారం చూసుకోండి. ఆ రోజు కుందులి సంత. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళంతా సంతకు నడిచిపోతారు కాబట్టి శుక్రవారం కొండ ఎక్కే ఏర్పాటు పెట్టుకోవద్దు. మొదటి రోజు శుక్రవారం అయితే మాత్రం కలిసొస్తుంది. సంతలో కూరగాయలు కొనుక్కుని, ఊరివాళ్ళతోపాటే ఊరు చేరవచ్చు. అయితే శని, ఆదివారాలు శిఖరం మీద కార్ల హడావుడి. సోమవారం నుంచి గురువారందాకా కొండ కొండలా ఉంటుంది.

చేరుకోవడం, ఒక పేరు తికమక

విజయనగరం, సాలూరుల వైపు నుంచి 26వ నంబరు జాతీయ రహదారి మీద సుంకి, పొట్టంగి, కుందులి దాటి సిమిలిగుడ చేరాలి. విశాఖ నుంచి రైల్లో వచ్చేవారు అరకు మీదుగా కొరాపుట్‌లో దిగి, అక్కడి నుంచి సిమిలిగుడకు బస్సు పట్టుకోవాలి. అదే రైలు దారిలో అరకు దగ్గర శిమిలిగుడ అని ఒక స్టేషను ఉంది. అది ఆంధ్రలో ఉన్న వేరే ఊరు. పేరు విని అక్కడ దిగిపోయినవారు రోజంతా పోగొట్టుకుంటారు. కొరాపుట్ నుంచి దేవమాలికి రోడ్డు మార్గం సుమారు 60 కిలోమీటర్లు. సిమిలిగుడలోనే ఆటోనో జీపో మాట్లాడుకుని, తిరుగు ప్రయాణం కూడా ఆ డ్రైవరుకే చెప్పి నంబరు తీసుకోండి. పెద్ద దుకాణం, ఏటీఎం, మందుల షాపు చూసుకోవలసింది కూడా ఇక్కడే. కొండ ఊళ్ళలో ఫోన్ సిగ్నలు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. ఫోన్‌తో డబ్బు చెల్లించవచ్చనుకుని వెళ్ళకండి. యాభై, వంద నోట్లు సరిపడా పెట్టుకోండి.

ఊరితో మాట్లాడుకోవడం

కొండ చుట్టూ కోందులు, పరజలు, గదబలు, ఇంకా ఇతరులు ఉండే ఊళ్ళున్నాయి. దేవమాలి పాదం దగ్గరి పుట్‌సిల్ లాంటి చోట్ల అతిథుల్ని ఉంచుకోవడం ఇప్పటికే అలవాటైంది. వెళ్ళే ముందు ఊరి మనిషితో నేరుగా ఫోన్‌లో మాట్లాడాలి. నంబరు లేకపోతే సిమిలిగుడలో ఆ ఊరి వైపు తిరిగే జీపు డ్రైవరును అడగండి. ఎవరి ఇంట్లో అతిథులు దిగుతారో వారికి బాగా తెలుసు.

మాట్లాడేటప్పుడు తేల్చుకోవలసినవి కొన్ని ఉన్నాయి. ఎంతమంది, ఆడవాళ్ళెందరు, ఏ రోజు ఎన్నింటికి చేరతారు, ఎన్ని పూటల భోజనం, మాంసం తింటారా లేదా. ఒక ఊళ్ళో ఆరుగురికి మించకుండా, ఇంటికి ఇద్దరు ముగ్గురు చొప్పున దిగడం మంచిది. అంతకు మించితే ఆ ఇంటి ఆడవాళ్ళ మీద మోయలేని బరువు పడుతుంది. మనం స్నానానికి వాడే ప్రతి బకెట్టునూ ఊట దగ్గర నుంచి ఎవరో నెత్తిన పెట్టుకుని తెస్తారు. మనం చలి కాచుకునే ప్రతి కట్టెనూ ఎవరో అడవి నుంచి మోసుకొస్తారు. కాబట్టి మనిషికి రోజుకు ఒక్క బకెట్టు అని ముందే జట్టులో అనుకోండి. ఊళ్ళో వంతుల పద్ధతి ఉంటే, ఈసారి ఏ ఇల్లో వాళ్ళనే చెప్పనివ్వండి. పోయినసారి ఉన్న ఇల్లే కావాలని పట్టుబడితే వాళ్ళలో వాళ్ళకు మాటలొస్తాయి.

డబ్బు సంగతి కూడా ఫోన్‌లోనే తేలాలి. బస ఎంత, పూట భోజనం ఎంత, గైడుకు రోజుకు ఎంత, సామాను మోసే మనిషి కావాలంటే ఎంత. ఇవి విడివిడిగా చెప్పించుకోండి. అన్నీ కలిపి ఒక అంకె మాట్లాడితే చివర్లో ఆ డబ్బు ఒక్కరి చేతిలో ఉండిపోయి, వండిన మనిషికి ఏమీ అందకపోవచ్చు. గైడుకు తలకు ఇంత అని కాకుండా రోజుకు ఇంత అని ఇవ్వాలి. అక్కడి రోజు కూలికి కనీసం ఒకటిన్నర రెట్లు ఇవ్వడం న్యాయం. అతను ఆ రోజు తన పొలం పని వదిలి వస్తున్నాడు. కోడి కోయించుకుంటే దాని ధర వేరే. బేరం ఆడవలసిన చోటు సంత. ఇల్లిచ్చి అన్నం పెట్టే మనిషి దగ్గర బేరం పెట్టకండి.

బియ్యం, పప్పు, నూనె మీరే తీసుకెళ్తారా, వాళ్ళే పెడతారా అన్నది అడగండి. తీసుకెళ్ళేట్టయితే మనిషికి పూటకు 130 గ్రాముల బియ్యం, 40 గ్రాముల పప్పు లెక్క వేయండి. కొండ ఎక్కి దిగిన రాత్రికి బియ్యం 180 గ్రాములు. అయిదుగురు మీరు, గైడు, సామాను మోసే మనిషి కలిసి ఇద్దరు, ఇంటివాళ్ళు నలుగురు ఒకే కుండలో తింటారని గుర్తుపెట్టుకుని పదకొండు మందికి చూసుకోవాలి. అయిదుగురి లెక్కన తెచ్చి, ఇంటి పిల్లలు చూస్తుండగా కూర్చుని తినడం కంటే ఇబ్బంది మరొకటి లేదు.

ఒక హద్దు ఖచ్చితంగా పాటించాలి. మల్కనగిరిలో బోండాలు, దిదాయిలు, రాయగడ వైపు నియమగిరి డొంగరియా కోందులు ఉండే ఊళ్ళలో ఇలాంటి బస అడగవద్దు. బాగా వెనుకబడిన ఆదిమ తెగలుగా గుర్తించిన వారి ఊళ్ళవి. అక్కడ పర్యటన మీదా ఫొటోల మీదా ఒడిశా ప్రభుత్వ ఆంక్షలున్నాయి. ఆంక్షలు లేకపోయినా వాళ్ళ ఇల్లు మనకు వింతల ప్రదర్శన కాకూడదు.

భాష గురించి. పొట్టంగి, సిమిలిగుడ బజారుల్లో తెలుగు హాయిగా నడుస్తుంది. కొండ ఊళ్ళలో నడిచేది దేశియా అనే ఒడియా యాస, ఇళ్ళలో కువి, పరజి లాంటివి. సాలూరు సంతకు వెళ్ళొచ్చే పెద్దలకు తెలుగు ముక్కలు వస్తాయి కానీ దాన్నే నమ్ముకోకండి. ఎదురుపడితే జుహార్ అనండి. పాని అంటే నీళ్ళు, బాట్ అంటే దారి, కేతే అంటే ఎంత. పెద్దవాళ్ళను దాదా అని, ఆడవాళ్ళలో పెద్దవారిని నానీ అని పిలవండి. నానీ అంటే అక్క. ఈ ఆరు మాటలతోనే చాలా గుమ్మాలు తెరుచుకుంటాయి.

గైడును ఎలా చూసుకోవాలి

నాలుగు ప్రశ్నలు అడగండి. ఈ నెలలో పైకి వెళ్ళావా? దారిలో ఇప్పుడు నీళ్ళెక్కడ ఉన్నాయి? వాన పట్టుకుంటే ఎటు దిగుతాం? ఎవరికైనా కాలు బెణికితే రోడ్డెక్కడ దగ్గర? గబగబా నాలుగింటికీ జవాబు చెప్పగలిగినవాడికి కొండ తెలుసు. చివరి ప్రశ్న చాలా ముఖ్యం. దేవమాలి మీది రోడ్డు మనకు అందం చెడగొట్టేదిగా కనిపించినా, కష్టం వచ్చినప్పుడు అదే అంబులెన్సు దారి.

ఎనిమిది మంది దాటితే ఇద్దరు గైడ్లు ఉండాలి. ఒకరు ముందు, ఒకరు చివర. ఒక్కరే ఉంటే అతను ముందుండేవారితో వెళ్ళిపోతాడు, చివరివారు గడ్డిలో దారి తప్పుతారు. ఇక్కడ దారి తప్పేది అడవి వల్ల కాదు, ఆవుల వల్ల. బోడి వాలు మీద పశువులు తొక్కిన బాటలు పదులకొద్దీ ఉంటాయి. మనుషులు నడిచిన బాట ఎక్కడో ఊట దగ్గరికో పొలం దగ్గరికో చేరుతుంది. పశువుల బాట వాలు చుట్టూ తిరిగి తిరిగి గడ్డిలో మాయమైపోతుంది. మంచు కమ్మినప్పుడు రెండూ ఒకటిగానే కనిపిస్తాయి. అలాంటప్పుడు నిలబడి పిలవాలి, కదలకూడదు. మెడలో ఒక విజిల్ వేసుకోండి. మూడు ఊదులు అంటే ఆపద అని జట్టంతా అనుకోవాలి.

గైడుకూ అన్నం, నీళ్ళు మీ లెక్కలోనే పెట్టుకోండి. అతను చెప్పులతో గబగబా ఎక్కేస్తుంటే పోటీ పడకండి.

సంచిలో ఏముండాలి

మొత్తం బరువు ఆరేడు కిలోలు దాటకూడదు. అరవై కిలోల మనిషికి అదే హాయి. ఊళ్ళో దిగే సామాను వేరే సంచిలో ఇంటివాళ్ళ దగ్గర ఉంచి, కొండకు చిన్న సంచి తీసుకెళ్ళండి. రెండో రాత్రి వేరే ఊళ్ళో అయితే ఆ సామాను మోయడానికి మనిషిని పెట్టుకోండి, లేదా జీపులో రోడ్డు చుట్టూ పంపండి.

బూట్ల మీద అందరూ డబ్బు పెడతారు, సమయం పెట్టరు. కొత్త బూట్లతో రాకండి. కనీసం రెండు వారాలు రోజూ గంట నడిచి మెత్తబరచాలి. కాలివేళ్ళ ముందు ఒక వేలు వెడల్పు ఖాళీ ఉండాలి. లేకపోతే దిగేటప్పుడు వేళ్ళు ముందుకు గుద్దుకుని గోళ్ళు నల్లబడతాయి. బయల్దేరే ముందు రోజు గోళ్ళు కత్తిరించుకోండి. ఎక్కేటప్పుడు లేసు వదులుగా, దిగేటప్పుడు చీలమండ దగ్గర బిగించి కట్టాలి. మడమ దగ్గర వెచ్చగా, మండుతున్నట్టు అనిపించగానే ఆగి ప్లాస్టరు టేపు అంటించండి. తర్వాత చూద్దాం అంటే గంటలో బొబ్బ, రెండు గంటల్లో కుంటడం.

పొడుగు చేతుల చొక్కా, పొడుగు ప్యాంటు, రెండు జతల మేజోళ్ళు, మంకీ టోపీ, గాలిని ఆపే పల్చని జాకెట్టు, దుప్పటి, తలకు కట్టుకునే టార్చి, దానికి అదనపు సెల్లులు. ఒక పొడి బనియను ప్లాస్టిక్ కవరులో చుట్టి పెట్టుకోండి. ఎందుకో తర్వాత చెబుతాం. గొడుగు వద్దు, పైన గాలికి తిరగబడిపోతుంది. చేతికర్ర ఊళ్ళోనే వెదురుది దొరుకుతుంది. మోచేయి లంబకోణంలో ఉన్నప్పుడు చేతికి అందేంత పొడవు ఉంటే చాలు.

మందుల్లో ఓఆర్‌ఎస్ పొట్లాలు మనిషికి మూడు, పారాసిటమాల్, టేపు, దూది, క్రేప్ బ్యాండేజీ, దోమల క్రీము. ఎవరి రోజువారీ మందులు వారివి, ఒకరోజు ఎక్కువే. ఓఆర్‌ఎస్ అయిపోతే లీటరు నీళ్ళలో తలకొట్టిన ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపితే సరి. చెంచా అంటే టీ చెంచా. ఉప్పు ఎక్కువైతే మేలు కంటే కీడే.

కొండ రోజు

సమయం లెక్క వేసుకోవడం నేర్చుకోండి. చదునులో గంటకు 5 కిలోమీటర్లు. ప్రతి 100 మీటర్ల ఎక్కుడుకు మరో 10 నిమిషాలు. ఉదాహరణకు ఊరు 1,100 మీటర్ల ఎత్తులో ఉండి, శిఖరానికి దారి 7 కిలోమీటర్లు అనుకుందాం. దూరానికి 84 నిమిషాలు, దాదాపు 570 మీటర్ల ఎక్కుడుకు 57 నిమిషాలు, వెరసి రెండు గంటల ఇరవై నిమిషాలు. ఇది అలవాటున్నవారి లెక్క. కొత్తవారికి ఇంకో సగం కలపండి, అంటే మూడున్నర గంటలు. డిసెంబరులో ఇక్కడ సూర్యోదయం సుమారు 6:25కి, సూర్యాస్తమయం 5:25 ప్రాంతంలో. ఆరింటికి వెలుతురు రాగానే బయల్దేరితే తొమ్మిదిన్నరకు పైన ఉంటారు. దిగడానికి మూడు గంటలు వేసుకున్నా మధ్యాహ్నం రెండింటికి అన్నం ముందు కూర్చుంటారు. ఎనిమిదింటికి బయల్దేరిన జట్టు ఎండలో ఎక్కి, నీళ్ళు అయిపోయి, వెలుతురు పోతుండగా అలసిన కాళ్ళతో దిగుతుంది. అలసిన కాళ్ళు, చీకటి కలిసినప్పుడే బెణుకులు. మధ్యాహ్నం పన్నెండున్నర అయితే ఎక్కడున్నా వెనక్కి తిరగాలి. శిఖరం కనిపిస్తున్నా సరే. ఈ మాట ముందు రాత్రే అందరితో ఒప్పించుకోండి. కొండ మీద వాదన పెట్టుకుంటే ఎప్పుడూ ఆశే గెలుస్తుంది.

బయల్దేరేముందు కడుపు నిండా మండియా పేజ్ తాగండి. మన చోడి అంబలిలాంటిదే. చోళ్ళ పిండి నానబెట్టి కాస్త పులియనిచ్చి, నూకలతో ఉడికిస్తారు. మూడు నాలుగు గంటలదాకా ఆకలి వేయదు, దాహమూ తగ్గుతుంది. ఈ కొండల మీద పనిచేసేవాళ్ళు తరతరాలుగా దాంతోనే రోజు మొదలుపెడుతున్నారు. ప్యాకెట్ నూడుల్స్ అడగకండి. దారికి అటుకులు, బెల్లం, వేరుశనగ చిక్కీ, ఉడికించిన గుడ్లు చాలు.

నీళ్ళు మనిషికి రోజుకు మూడు లీటర్లు. అర లీటరు బయల్దేరే ముందే తాగేయాలి, రెండు లీటర్లు భుజం మీద ఉండాలి, మిగతాది ఊట దగ్గర. పైన నీళ్ళుంటాయని అనుకోవద్దు. ఈ ప్రాంతంలో మాలి అంటే కొండ. పంచపట్‌మాలి, కొడింగమాలి, బాఫ్లిమాలి పేర్లు విన్నవే. ఇలాంటి కొండల తల మీద బాక్సైటు పొర ఉంటుంది. వానాకాలంలో అది నీటిని పీల్చుకుని, వేసవిలోనూ అంచుల దగ్గర ఊటలుగా వదులుతుంది. అందుకే తల ఎండి ఉంటుంది, నడుము దగ్గర నీరు ఉంటుంది, ఆ నీటి పక్కనే ఊళ్ళుంటాయి, కిందికి మెట్లు మెట్లుగా ఝోలా పొలాలు, అంటే గెడ్డ లోయలో కట్టిన వరి మడులు, పారుతాయి. చివరి ఊట ఎక్కడో గైడును అడిగి అక్కడ సీసాలు నింపుకోండి. ఊట నీళ్ళైనా గుడ్డతో వడగట్టి, క్లోరిన్ బిళ్ళ వేసి అరగంట ఆగి తాగాలి. లేదా రాత్రే తెర్లేదాకా ఒక నిమిషం కాచి చల్లార్చి సీసాల్లో పోసుకోవాలి. ఝోలా గట్ల మీద నడిచేటప్పుడు ఒకరి వెనక ఒకరు, గైడు అడుగులో అడుగు. గట్టు తెగితే నీరంతా కింది మడిలోకి పోతుంది. కొరాపుట్ సంప్రదాయ సేద్యాన్ని 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ప్రపంచ ప్రాధాన్యం ఉన్న వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. మనం తొక్కుతున్నది ఆ పొలాలనే.

నడక వేగానికి ఒకటే కొలత. పక్కవారితో మాట్లాడుతూ నడవగలగాలి. మాట తెగిపోతుంటే వేగం ఎక్కువైనట్టు. యాభై నిమిషాలు నడిచి అయిదు నిమిషాలు ఆగండి. ఎక్కువసేపు కూర్చుంటే కండరాలు చల్లబడి మళ్ళీ లేవడం కష్టం. అందరికంటే నెమ్మదైన మనిషిని గైడు వెనకాలే నడిపించండి, జట్టంతా ఒకటిగా ఉంటుంది.

పైకి చేరగానే ఆ పొడి బనియను మార్చుకోండి. చెమటతో తడిసిన చొక్కాకు శిఖరం గాలి తగిలితే పది నిమిషాల్లో వణుకు పుడుతుంది. చాలామంది జ్వరం వచ్చిందనుకునేది ఇదే. బోడి గడ్డి మీద నిప్పు వేయడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

దిగుడును తేలిక అనుకోవద్దు. ఊపిరికి తేలిక, మోకాళ్ళకు కష్టం. చిన్న అడుగులు, మోకాలు కాస్త వంచి, కర్ర ముందు వేసి దాని మీద బరువు ఆనించి దిగాలి. నిటారు వాలులో అటూ ఇటూ మలుపులు తిరుగుతూ రండి. పరిగెత్తుతూ దిగినవారికి మర్నాడు మెట్లు కూడా దిగబుద్ధి కాదు.

ఊళ్ళో రాత్రి

ఊరి మధ్య రాళ్ళు పేర్చిన చోటు కనిపిస్తుంది. అరుగులా ఉంది కదా అని కూర్చోకండి, బూట్లు ఆరబెట్టకండి. నిశానీ ముండా అయితే అది ఊరి దేవత. గదబ ఊళ్ళలో శదర్ అయితే అక్కడి రాళ్ళు చనిపోయిన పెద్దలవి. ఎక్కడ కూర్చోవచ్చో అడిగితే చూపిస్తారు. ఫొటో తీసే ముందు అడగాలి, వద్దంటే కెమెరా లోపల పెట్టేయాలి. పిల్లలకు చాక్లెట్లు, పది రూపాయల నోట్లు పంచవద్దు. తర్వాత వచ్చేవారి వెంట పిల్లలు చేతులు చాచి పరిగెత్తడం దాంతోనే మొదలవుతుంది. ఏదైనా ఇవ్వాలనుకుంటే ఇంటి పెద్దకు ఇవ్వండి.

జీలుగు కల్లు, ధాన్యం పులియబెట్టి చేసే లాండా మర్యాదగా పోస్తారు. తాగనివారు చేతులు జోడించి వద్దంటే ఎవరూ తప్పు పట్టరు. తాగేవారు ఒక దొప్పతో ఆపండి, మర్నాడు కొండ ఉంది. సీసా మందు ఊళ్ళోకి తీసుకెళ్ళవద్దు.

నిద్ర నేల మీదే కాబట్టి దోమతెర తప్పనిసరి. అంచులు చాప కిందికి మడవాలి. దోమల కోసమే కాదు, కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవారిని కాటు వేస్తుంది, నొప్పి కూడా అంతగా తెలియదు. తెర అంచులు బిగించి ఉంటే అది లోపలికి రాలేదు. రాత్రి బయటికి వెళ్తే టార్చి, పొద్దున బూట్లు తొడిగే ముందు దులపడం.

మరుగుదొడ్డి ఉందో లేదో చేరగానే అడగండి. లేకపోతే నీటికి, దారికి కనీసం 60 మీటర్ల దూరంలో జానెడు లోతు గొయ్యి తవ్వి పూడ్చాలి. చిన్న తాపీ ఒకటి జట్టుకు చాలు. ప్యాడ్లు, బిస్కెట్ కవర్లు, ఖాళీ సీసాలు అన్నీ సిమిలిగుడదాకా వెనక్కి మోసుకు రావాలి. ఊళ్ళో చెత్తబండి రాదు.

ఆపద వస్తే

ఉరుము వినబడగానే దిగడం మొదలుపెట్టాలి. మెరుపుకు ఉరుముకు మధ్య 30 సెకన్లకంటే తక్కువుంటే ప్రమాదం మీ మీదే ఉంది. ఒంటరి చెట్టు కిందికి, శిఖరం మీది మండపాల్లోకి వెళ్ళకండి. తలుపులు మూసుకునే బండి దగ్గరలో ఉంటే అందులో కూర్చోవచ్చు. దిగే వీలు లేకపోతే ఒకరికొకరు దూరంగా, పాదాలు దగ్గర పెట్టి గొంతుక్కూర్చోండి. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగి కదలాలి.

కొండ చరియలకు పెద్ద తేనెపట్లు వేలాడుతుంటాయి. వాటి కింద మాటలు తగ్గించండి. అత్తరు, పొగ అసలే వద్దు. ఈగలు లేస్తే తల ముఖం కప్పుకుని ఆగకుండా పరిగెత్తాలి.

పాము కరిస్తే కాటు పైన బిగించి కట్టు కట్టవద్దు, కోయవద్దు, పీల్చవద్దు. ఉంగరాలు, గాజులు తీసేసి, కరిచిన కాలో చెయ్యో కదలకుండా కర్రతో కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకుని రోడ్డుకు చేర్చండి. 108కి ఫోన్ చేయండి. కొరాపుట్‌లోని శహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఈ వైపు పెద్ద దిక్కు. ఊళ్ళో మంత్రం వేసేవారు ముందుకు వస్తే గౌరవంగానే చెప్పి, బండి మాత్రం ఆపకండి.

తిరిగొచ్చాక

మూడో రోజు పొద్దున్నే బస డబ్బు ఇంటి మనిషి చేతికి, గైడు డబ్బు గైడు చేతికి, వంట డబ్బు వండిన ఆవిడ చేతికి ఇవ్వండి. ఫొటోలు తీసి ఉంటే ఒకటి రెండు కాగితం మీద వేయించి సిమిలిగుడ జీపు డ్రైవరుతో పంపండి.

ఆ రాత్రే వేడినీళ్ళతో స్నానం చేసి, ఒంటి మడతలు, చంకలు, గజ్జలు, బెల్టు కింద చూసుకోండి. పొదల్లో తిరిగినప్పుడు కంటికి కనిపించని చిగ్గర్ పురుగులు (మంచాల్లో ఉండే నల్లులు కావు) అంటుకుని స్క్రబ్ టైఫస్ అనే జ్వరం తెప్పిస్తాయి. కరిచిన చోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి చెక్కు కడుతుంది. జ్వరం వారం నుంచి మూడు వారాల్లోపు వస్తుంది. దక్షిణ ఒడిశా కొండల్లో ఫాల్సిపారం మలేరియా చాలాకాలంగా ఉన్నదే. అది కూడా వారం, రెండు వారాల తర్వాత బయటపడుతుంది. కాబట్టి నెలలోపు ఏ జ్వరం వచ్చినా ఇంట్లో బిళ్ళలు వేసుకుంటూ ఆగకండి. అదే రోజు రక్త పరీక్ష చేయించుకుని, కొరాపుట్ కొండల్లో ఫలానా తేదీల్లో నడిచాం, నేల మీద పడుకున్నాం అని డాక్టరుకు చెప్పండి. విజయనగరంలోనో విశాఖలోనో ఉన్న డాక్టరుకు మీరు చెప్పకపోతే ఆ సంగతి తట్టకపోవచ్చు. జట్టులో ఒకరికి జ్వరం వస్తే మిగతావారికి కూడా ఫోన్ చేయండి.